ముందు వరుసే మంచి సీటా? నాటకానికీ కచేరీకీ నృత్యానికీ ఎక్కడ కూర్చోవాలి

ప్రత్యక్ష ప్రదర్శనలకు వెళ్లడం ఈమధ్యే మొదలుపెట్టామనీ, ప్రతిసారీ ముందు వరుసల టికెట్లే తీసుకుంటున్నా ఒక్కోసారి ఏదో వెలితితో తిరిగి వస్తున్నామనీ మీరు రాశారు. మీతోపాటు వచ్చే అమ్మగారికి వినికిడి కొంత తక్కువని కూడా చెప్పారు. ఇరవై ఏళ్లకు పైగా నాటకాలూ కచేరీలూ నృత్య ప్రదర్శనలూ చూస్తూ, కొన్నింటికి ఏర్పాట్లలో సాయపడుతూ తెలుసుకున్నదాన్ని బట్టి జవాబిస్తున్నాను. మంచి సీటు అనేది హాలులో ఒకచోట స్థిరంగా ఉండదు. ఆ రోజు వేదిక మీది కళ ముఖంతో పలుకుతుందా, పాదాలతోనా, నాదంతోనా అన్నదాన్ని బట్టి అది మారుతుంది.

ఈ సంగతి నాకు మొదట తెలిసింది ఒక కూచిపూడి ప్రదర్శనలో. గంట ముందుగా వెళ్లి మొదటి వరుసలో నట్టనడిమి కుర్చీ సంపాదించాను. తరంగం మొదలైంది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి లయకు తగినట్టు దాన్ని ముందుకూ పక్కలకూ కదుపుతున్నారు. పళ్లెం నేలను రాసుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది కానీ, పళ్లెం కనిపించడం లేదు. వేదిక అంచు పైన గజ్జెల పై వరుస ఒక్కటే ఊగుతూ కనిపించింది. కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వేదిక కూడా ఇంచుమించు అంతే ఎత్తులో ఉంటే ముందు వరుసవారికి దాని నేల ఒక గీతగా తప్ప కనిపించదు. కొన్నాళ్లకు అదే అంశాన్ని మరో హాలులో, మెట్లుమెట్లుగా పైకి లేచిన తొమ్మిదో వరుస నుంచి చూశాను. పాదాల వేళ్లు పళ్లెం అంచును పట్టుకోవడం, మడమ నొక్కినప్పుడు అది ఒక పక్కకు లేచి మళ్లీ నేలకు ఆనడం, అంతా కళ్లకు కట్టింది. అప్పటినుంచి నృత్యానికి మొదటి నాలుగు వరుసలూ వదిలేస్తున్నాను. అదే పదిమందికి పైగా కలిసి చేసే బృంద నృత్యమైతే ఇంకా పైకి, బాల్కనీ మొదటి వరుసకు వెళ్తాను. నర్తకులు గీసే వలయాలూ కర్ణరేఖలూ కింద కూర్చున్నవారికి ఒకరి వెనక ఒకరు నిలబడిన గుంపులా కనిపిస్తాయి. పైనుంచి చూసినవారికే కూర్పరి మనసులోని ముగ్గు తెలుస్తుంది.

నాటకానికి మాత్రం దగ్గరగానే ఉండాలి. ఎంత దగ్గరగా అన్నదానికి నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో చక్కని సమాధానం ఉంది. నాట్యమండపాలను జ్యేష్ఠ (పెద్దది), మధ్యమ (నడిమిది), అవర (చిన్నది) అని మూడు పరిమాణాలుగా చెప్పి, మనుషులకు మధ్యమమే తగినదనీ, అది 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉండాలనీ అందులో నిర్దేశించారు. కారణం కూడా అక్కడే ఉంది: మండపం మరీ పెద్దదైతే పలికిన మాట స్పష్టత కోల్పోతుంది, ముఖంలోని భావం కంటికి అందదు. ఆ పొడవులో సగం వేదికకూ, దాని వెనకనుండే నేపథ్యానికీ, అంటే నటుల అలంకరణ గదికీ పోగా ప్రేక్షకులకు మిగిలేది 32 మూరలు, అంటే మన కొలతలో దాదాపు 14 మీటర్లు. ఇప్పటి హాళ్లలో వరుసకూ వరుసకూ మధ్య దూరం సుమారు 90 సెంటీమీటర్లు అనుకుంటే, అది పదిహేనో వరుస దగ్గర ముగుస్తుంది. ఈ లెక్క చదవకముందే నేను అనుభవం మీద పన్నెండో వరుస దాటి నాటకానికి కూర్చోకూడదని నిర్ణయించుకున్నాను కాబట్టి, ఆ శ్లోకాలు చదివినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేనిది. ప్రేక్షకుల ఆసనాలను ఇటుకలతో, కలపతో మెట్ల వరుసగా, రంగపీఠం, అంటే వేదిక, కనిపించేటట్టు కట్టాలని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. నా పళ్లెం ఇబ్బంది అప్పటివారికి ముందే తెలుసు.

నాటకానికి దూరం ఎంత ముఖ్యమో మధ్యగా ఉండటం కూడా అంత ముఖ్యం. మనిషి గొంతులోని పై స్థాయి ధ్వనులు, అంటే స, ట, క వంటి హల్లుల పదును, ముఖం తిరిగిన వైపే ఎక్కువగా వెళ్తాయి. నటుడు ఎడమకు తిరిగి మాట్లాడితే కుడి చివర కూర్చున్నవారికి అచ్చులు వినిపిస్తాయి, మాట పోతుంది. రంగాలంకరణ కూడా మధ్యలో కూర్చున్నవారి కోసమే సిద్ధమవుతుంది. 1585లో ఇటలీలోని విచెంజా నగరంలో తెరిచిన తియాత్రో ఒలింపికో అనే నాటకశాలలో, వేదిక వెనక దూరందాకా సాగిపోతున్నట్టు భ్రమ కలిగించే వీధులను వాస్తుశిల్పి స్కామోజ్జి చెక్కతో నిర్మించారు. ఆ భ్రమ నడుమ కూర్చున్నవారికి పూర్తిగా నిలుస్తుంది, పక్కకు జరిగేకొద్దీ సడలుతుంది.

ఇక సంగీతం. ఇక్కడ కంటిని కాస్త పక్కన పెట్టాలి. ఒకసారి నాకు బాల్కనీ కింద చివరి వరుసలో చోటు దొరికింది. వేదిక చక్కగా కనిపిస్తూనే ఉంది, కానీ తంబుర నాదం ఎక్కడో ఆగిపోయింది, తని ఆవర్తనం, అంటే మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం, పక్క గదిలో వాయిస్తున్నట్టుగా వినిపించింది. పాటను నిండుగా చేసేది గాయకుడి నుంచి నేరుగా వచ్చే ధ్వని ఒక్కటే కాదు. పైకప్పునూ పక్క గోడలనూ తాకి కొన్ని క్షణాలు నిలిచే ప్రతినాదం కూడా. లోతైన బాల్కనీ కింద కూర్చుంటే పైనుంచి రావలసిన ఆ భాగం మనదాకా రాదు. అదే బాల్కనీ పైన మొదటి వరుసలో కూర్చుంటే ధ్వని కలిసిపోయి, ఎంతో నిండుగా వస్తుంది. వేదికకు దూరమని ఆ చోటును చాలామంది వదులుకోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

హాలు నిండటం, నిండకపోవడం కూడా వినికిడిని మారుస్తుంది. ఒక కచేరీ ఏర్పాట్లలో ఉన్నప్పుడు మధ్యాహ్నం ఖాళీ హాలులో గొంతు సరిచూసుకున్న గాయకురాలు ఎంతో తృప్తిపడ్డారు. సాయంత్రం హాలు నిండాక అదే గొంతు పొడిగా వినిపించి ఆవిడ ఇబ్బంది పడ్డారు. మనుషులూ వారి దుస్తులూ ధ్వనిని పీల్చుకుంటాయి. దీన్ని మొదట లెక్కగట్టినవారు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సాబిన్. అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో పలికిన మాట ఐదున్నర సెకన్లు మారుమోగుతూ ఏమీ అర్థం కాకపోతుంటే, 1895లో దాన్ని సరిచేసే పని ఆయనకు అప్పగించారు. ఆయన రాత్రిళ్లు మరో మందిరం నుంచి కుర్చీల దిండ్లు తెచ్చి పరుస్తూ, ఆర్గాన్ గొట్టం మోగించి, అది ఎంతసేపటికి వినిపించకుండా పోతుందో కొలిచారు. ఆ లెక్కల ఆధారంగా రూపొందిన బోస్టన్ సింఫనీ హాల్ 1900లో ప్రారంభమైంది. మాటకు సుమారు ఒక సెకను ప్రతినాదం చాలు, పెద్ద వాద్యబృందానికి దాదాపు రెండు సెకన్లు కావాలి. అందుకే ఒకే హాలు నాటకానికీ సంగీతానికీ సమానంగా కుదరడం అరుదు. మీరు వెళ్లిన రోజు హాలు సగం ఖాళీగా ఉంటే, నిర్వాహకులను అడిగి నాలుగైదు వరుసలు ముందుకు జరగండి. మారుమోత పెరిగినా నేరుగా వచ్చే ధ్వని దాన్ని మించి వినిపిస్తుంది.

మైకు వాడే ప్రదర్శనల్లో ఈ లెక్క మళ్లీ మారుతుంది. అప్పుడు ధ్వని పుట్టేది స్పీకర్లలో కాబట్టి, పెద్ద స్పీకరు ఎదుట కూర్చుంటే మనిషి నడుమ కనిపిస్తూ గొంతు పక్కనుంచి వస్తుంది. నేను ముందుగా ధ్వని సాంకేతికుడి బల్ల ఎక్కడుందో చూస్తాను. ఆయన హెచ్చుతగ్గులు సరిచేసేది తన చెవికి అక్కడ వినిపించినదాన్ని బట్టే గనక, ఆ బల్లకు ఒకటి రెండు వరుసల ముందు కూర్చుంటే ఆయన విన్నదే మనమూ వింటాం. మృదంగం మీద ఆసక్తి ఉంటే మాత్రం మనకు ఎడమవైపు కూర్చోండి. కర్ణాటక కచేరీలో మృదంగ విద్వాంసుడు సాధారణంగా గాయకుడి కుడిపక్కన కూర్చుంటారు, వలంతల, అంటే మృదంగం కుడి ముఖం, సభవైపు ఉంటుంది. పియానోకూ ఎడమవైపే వేళ్లు కనిపిస్తాయి.

మీ అమ్మగారి విషయంలో నేను పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి, నాటకానికి నాలుగో వరుస నుంచి ఏడో వరుస దాకా నడిమి కుర్చీలు తీసుకోండి. అక్కడ పెదవుల కదలిక కనిపిస్తుంది, అందని హల్లులను చాలావరకు కన్ను పూరిస్తుంది. ఆమె వినికిడి యంత్రం వాడుతుంటే, దానిలో 'టి' అమరిక ఉందో లేదో ముందుగా చూడండి. కొన్ని హాళ్లలో నేలలో తీగచుట్ట వేసి, వేదిక ధ్వనిని అయస్కాంత క్షేత్రం ద్వారా నేరుగా ఆ యంత్రానికి అందిస్తారు. ప్రవేశద్వారం దగ్గర చెవి బొమ్మ, 'టి' అక్షరం ఉన్న ఫలకమే దానికి గుర్తు. ఆ తీగ హాలంతా ఉండకపోవచ్చు కాబట్టి ఏ వరుసల్లో పనిచేస్తుందో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. ప్రదర్శనకు అరగంట ముందు వెళ్లి, కూర్చోబెట్టి, వేదిక మీదినుంచి ఎవరినైనా రెండు మాటలు పలకమని కోరి ఆమెకు వినిపిస్తోందో లేదో కనుక్కోండి. చోటు మార్చమని అడగడానికి అప్పుడింకా వీలుంటుంది.