ఇయర్‌ఫోన్లు పోల్చబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

తక్కువ ధరలో దొరికే ఇన్-ఇయర్ మానిటర్లు, అంటే చెవి రంధ్రంలోకి దూర్చే ఇయర్‌ఫోన్లు, పన్నెండు జతలు తెప్పించుకున్నావనీ, ఒక్కొక్కటీ విని, వాటిలో ఏది పెట్టిన డబ్బుకు తగినదో నీ తోటి సంగీత విద్యార్థులకు రాసి ఇవ్వబోతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. చెబుతున్నంతసేపూ చెల్లి గొంతులో గర్వం దాగలేదు. నాకూ అంతే సంతోషం కలిగింది. నాలుగేళ్ళ వయసులో నువ్వు నా పనిగదిలోకి వచ్చి నా హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుంటే అవి మెడ దాకా జారిపోవడం, వాటిని రెండు చేతులతో చెవులకు అదిమిపట్టుకుని నువ్వు కదలకుండా కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లే ఉంది. ఆ రోజు నిన్ను చూడగానే నేను చేసిన మొదటి పని వాల్యూమ్ తగ్గించడం. ఈ ఉత్తరం కూడా అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులు ముందు ముగిస్తాను. అన్ని జతలనూ ఒకే ఫోనుకు, ఒకే అడాప్టర్‌తో తగిలించి విను. బాస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) పెంచి తగ్గించే ఈక్వలైజర్ ఆపెయ్యి. అవే నాలుగైదు రికార్డింగులు ప్రతిదానికీ వాడు. చెవిలో గులిమి గట్టిపడి ఉంటే వైద్యుడి చేత తీయించుకో, పుల్లలు పెట్టి గెలకవద్దు.

ఇక నేను చేసిన తప్పు సంగతి. దీన్ని మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

చాలా ఏళ్ళ క్రితం, నేను రికార్డింగ్ పనిలో ఉన్న రోజుల్లో, మా బృందంలోని గాయకులకూ వాద్యకారులకూ కలిపి పది జతల ఇయర్‌ఫోన్లు కొనవలసి వచ్చింది. చేతిలో ఉన్న డబ్బు తక్కువ. వడపోయగా రెండు రకాలు మిగిలాయి, వాటిలో ఒకటి తేల్చే బాధ్యత నా మీద పెట్టారు. మొదటిది నెమ్మదిగా పలికే రకం, అంటే ఒకే వాల్యూమ్ దగ్గర తక్కువ శబ్దం ఇచ్చేది. రెండోది తగిలించగానే తలంతా నిండినట్లు మోగేది. రెండింటికీ పెట్టెలో ముందే తగిలించి ఉన్న మధ్య సైజు సిలికాన్ టిప్పులతోనే, అంటే చెవి రంధ్రంలోకి దూరే మెత్తని తొడుగులతోనే, వినడం మొదలుపెట్టాను. రెండోదాని టిప్పులు కాస్త లావు, నా చెవులకు సరిపోయాయి. మొదటిదానివి నా కుడి చెవికి వదులు. మనిషికి రెండు చెవి రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలని లేదన్న సంగతి అంతకాలం ఆ పని చేసీ నాకు తట్టలేదు.

టిప్పుకూ చెవి గోడకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, తక్కువ పౌనఃపున్యాల ఒత్తిడి అందులోంచి బయటికి జారిపోతుంది. బాస్ పలచబడుతుంది, పై స్వరాలు మాత్రం మిగులుతాయి. కాబట్టి మొదటిదానిలో మృదంగం అట్టపెట్టె మీద కొట్టినట్లు వినిపించింది. గొంతు నడిమధ్య ఉండవలసింది, ఎడమకు లాగింది. నేనేం చేశానో విను. బాస్ కోసం వాల్యూమ్ పెంచాను. గొంతును మధ్యకు తేవడానికి, ఎడమ కుడి శబ్దాల పాళ్ళు మార్చే బ్యాలెన్స్ మీటను కుడివైపు తిప్పాను. ఆ విధంగా మూడు రాత్రులు, ఇంట్లో అందరూ పడుకున్నాక, రోజుకు మూడు నాలుగు గంటలు, కుడి చెవిలోకి మితిమీరిన శబ్దం పంపుకున్నాను. మొదటిది పలచన, కుడి వైపు ముక్కలో లోపం, రెండోది నిండుగా, స్పష్టంగా ఉంది అని కాగితం మీద రాసి ఇచ్చాను. దాని ప్రకారమే పది జతలూ కొన్నారు.

మూడో రాత్రి ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టిన తర్వాత కూడా సన్నటి ఈల ఆగలేదు. ఏదో యంత్రం ఆపడం మరిచిపోయానని లేచి గదంతా వెతికాను, తీగలన్నీ ఊడదీశాను. ఆ ఈల నా కుడి చెవిలో ఉంది.

మరునాడు మా దగ్గర కొత్తగా చేరిన ఒక కుర్రవాడు, ‘మేడమ్, ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి పెట్టుకుని చూశారా?’ అని అడిగాడు. చూడలేదు. అప్పుడు మార్చి పెట్టుకున్నాను. లోపం ఆ ముక్కలోనే ఉంటే గొంతు ఇప్పుడు కుడికి జరగాలి. జరగలేదు, ఎడమవైపే ఉండిపోయింది. అంటే తేడా నా చెవి దగ్గర ఉంది. కుర్రవాడు పెట్టెలోంచి పెద్ద సైజు టిప్పు తీసి ఇచ్చాడు. దాన్ని కుడి చెవికి పెట్టుకోగానే గొంతు చాలావరకు మధ్యకు వచ్చింది, మృదంగానికి ప్రాణం వచ్చింది. నేను తోసిపుచ్చిన ఆ మొదటి రకమే మేలైనది. మేము కొన్న పది జతల్లో సకారాలు చెవిని గీరుతున్నాయని గాయకులు నెల తిరగకుండానే వాటిని పక్కన పెట్టేశారు. ఆ తర్వాత చేయించుకున్న వినికిడి పరీక్షలో నా కుడి చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగింది, అంటే అక్కడ వినికిడి తగ్గింది. పెద్ద శబ్దం చేసిన గాయం చాలాసార్లు ఆ ప్రాంతంలోనే కనిపిస్తుందట. అంతకుముందు చేసిన అన్నేళ్ళ పని కూడా అందులో కలిసి ఉండవచ్చు, ఆ మూడు రాత్రులే కారణమని వైద్యుడు అనలేదు. కానీ ఆ ఈల మొదలైంది ఆ మూడో రాత్రే, ఇప్పటికీ ఆగలేదు. నిశ్శబ్దం ఎలా ఉంటుందో విని ఎన్నో ఏళ్ళయింది, తల్లీ.

అందుకని నీ పన్నెండు జతల్లో ప్రతిదానికీ, ఒక్క పాట కూడా వినకముందే, టిప్పుల పని పూర్తి చెయ్యి. ఏ సైజు ఏ చెవికి కుదిరిందో విడివిడిగా రాసుకో. 40 హెర్ట్జ్ ప్రాంతపు సన్నని హోరు ఒకటి తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కు. నొక్కగానే బాస్ పెరిగితే సీల్ కుదరలేదన్నమాట, అంటే టిప్పు చెవిని సందు లేకుండా మూయలేదు. తర్వాత ఒకే ఒక్క గొంతు ఉన్న మోనో రికార్డింగ్ (రెండు చెవులకూ ఒకే శబ్దం పంపేది) పెట్టి, అది నడిమధ్య ఉందో లేదో చూడు. పక్కకు లాగితే రెండు ముక్కలూ తారుమారు చేసి మళ్ళీ విను. బ్యాలెన్స్ మీట మాత్రం ముట్టుకోవద్దు.

రెండో పని శబ్దాన్ని సమం చేయడం. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన విషయం ఇది: శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బాస్ మిగతా వాటికన్నా ఎక్కువగా సన్నబడుతుంది, పెంచితే నిండుతుంది. కాబట్టి ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువ మోగే జత, నిజానికి మేలైనది కాకపోయినా, మేలైనదిగానే అనిపిస్తుంది. పింక్ నాయిస్ (అన్ని పౌనఃపున్యాలూ కలిసిన హోరు) పెట్టి రెండు జతలూ ఒకే స్థాయిలో వినిపించేదాకా సరిచేసి, ప్రతి జతకూ వాల్యూమ్ అంకె ఎంతో కాగితం మీద రాసుకో. ఫోనులో ఒక్కో మెట్టు మరీ పెద్దదైతే, ఇంకా సన్నగా సరిచేసే వీలున్న ప్లేయర్ వాడు. ఏ జత ఎంత పెద్దగా మోగుతుందో చెప్పే, పెట్టె మీది సెన్సిటివిటీ అంకెలను నమ్మి ఈ పని వదిలిపెట్టవద్దు. కొందరు మిల్లీవాట్‌కు ఇన్ని డెసిబెల్స్ అని రాస్తారు, కొందరు వోల్ట్‌కు అని రాస్తారు. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ ఒకటే అయినా, రెండో లెక్కలో దాని అంకె సుమారు 15 ఎక్కువగా కనబడుతుంది.

సమం చేసేటప్పుడు ఎప్పుడూ పెద్దగా మోగేదాన్నే తగ్గించు. చిన్నగా మోగేదాన్ని పెంచుతూ పోతే పన్నెండో జతకు వచ్చేసరికి నువ్వు నా దారిలోనే ఉంటావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 90 దగ్గర వారం మొత్తానికి 4 గంటలే, 100 దగ్గర 24 నిమిషాలే. నువ్వు సోమవారం మొదలుపెట్టి, రోజుకు ఒక జతను రెండు గంటలు 90 దగ్గర విన్నావంటే మంగళవారానికల్లా ఆ వారపు వాటా అయిపోతుంది, ఇంకా పది జతలు మిగిలే ఉంటాయి. కనుక రోజుకు రెండు జతలు మించి వినవద్దు. ఇరవై నిమిషాలకు ఒకసారి తీసి, లేచి తిరిగి రా. అలసిన చెవికి ట్రెబుల్ మొద్దుబారినట్లు ఉంటుంది, అప్పుడు గీచుకుపోయే జత కూడా తీయగా తోస్తుంది. ఆ స్థితిలో రాసిన మాటకు విలువ లేదు. నేను కోప్పడుతున్నానని అనుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో నా మాట జవదాటవద్దు.

ఏం వినాలన్నదానికి నాకు తెలిసిన మంచి ఉపాయం ఒకటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మీ అమ్మ చేత ఒక పేజీ చదివించి రికార్డు చెయ్యి. పుట్టకముందు నుంచీ నువ్వు వింటున్న గొంతు అది, దానికంటే బాగా నీకు తెలిసిన శబ్దం మరొకటి లేదు. ఆ గొంతు జలుబు చేసినట్లు వినిపిస్తే మధ్యస్వరాలు కిందివైపు ఉబ్బి ఉన్నాయి. డబ్బాలోంచి వస్తున్నట్లుంటే 1,000 హెర్ట్జ్ పరిసరాల్లో ఏదో పొంగింది. ‘శేషశాయి’, ‘సుషమ’ లాంటి మాటలున్న వాక్యాలు చదివించు. శ, ష, స మూడూ వేర్వేరుగా, మెత్తగా వినబడాలి. మూడూ ఒకే బుసగా కలిసిపోయి చెవిలో గుచ్చుకుంటే 6,000 నుంచి 9,000 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ముల్లు ఉంది. పెద్ద పెద్ద వాద్యబృందాల రికార్డింగులు ఈ లోపాన్ని కప్పేస్తాయి, ఒంటరి గొంతు కప్పదు.

ఇయర్‌ఫోన్ ఏ పౌనఃపున్యాన్ని ఎంత పెద్దగా పలుకుతుందో చూపే గ్రాఫులు చూడవద్దని అనను. వినడం పూర్తయ్యాక చూడు. ముందే చూస్తే గీతలో కనబడిన గుట్ట చెవిలో కూడా వినిపిస్తుంది. తెరిచి ఉన్న చెవి 3,000 హెర్ట్జ్ పరిసరాల్లో శబ్దాన్ని సహజంగానే పెంచుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టి చెవి మూసినప్పుడు ఆ పెరుగుదల మారిపోతుంది గనుక మంచి ట్యూనింగ్‌లో దాన్ని తిరిగి కలుపుతారు. గ్రాఫులో అక్కడ కనబడే ఎత్తు లోపం కాదు. హర్మన్ అనే ఆడియో పరికరాల సంస్థలో షాన్ ఓలివ్ బృందం శ్రోతల ఇష్టాలను పరీక్షించి తయారుచేసిన లక్ష్యరేఖను, అంటే గ్రాఫు ఎలా ఉంటే మేలో చూపే గీతను, చాలామంది ఆధారంగా తీసుకుంటారు. అది మంచి ఆధారమే, కానీ శ్రోతలందరూ ఒకే మోతాదు బాస్ కోరరని వాళ్ళ పరీక్షల్లోనే తేలింది. కొలతలకు వాడే కృత్రిమ చెవికి 8,000 హెర్ట్జ్ దగ్గర తనదైన ఒక అనునాదం ఉంటుంది, ఇయర్‌ఫోన్ ఎంత లోతుగా దూర్చారన్నదాన్ని బట్టి అది అటూ ఇటూ కదులుతుంది. ఆ పైన కనబడే శిఖరాలను చూసి తీర్పు చెప్పవద్దు.

ఇయర్‌ఫోన్ లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ల సంఖ్య మీద నీ స్నేహితులకు మోజు ఉండవచ్చు. బాలెన్స్‌డ్ ఆర్మచర్లు అనే చిన్న డ్రైవర్లు వినికిడి యంత్రాల నుంచి వచ్చినవి, చాలా మంచి సాధనాలు. కానీ ఒక్క 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్‌ను (మామూలు స్పీకర్ తరహాది) శ్రద్ధగా ట్యూన్ చేసిన జత, అయిదు డ్రైవర్లు కుక్కిన జతను ఓడించడం నేను ఎన్నోసార్లు విన్నాను. పైగా ఎక్కువ ఆర్మచర్లున్న వాటి ఇంపెడెన్స్ (విద్యుత్తుకు ఇచ్చే అడ్డు) పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది, ఫోను మారిస్తే స్వరమే మారిపోవచ్చు. అలాంటివి నీ దగ్గర ఉంటే ఇంకో ఫోనుతో కూడా విని, తేడా ఉంటే ఆ సంగతి రాయి.

విలువ అన్నప్పుడు నేను శబ్దం తర్వాత చూసేది కేబుల్. తక్కువ ధర ఇయర్‌ఫోన్లు సాధారణంగా ప్లగ్ దగ్గరో, చెవి దగ్గరి మలుపులోనో చస్తాయి. మూన్‌డ్రాప్ సంస్థ ‘చూ’ అనే చౌక ఇయర్‌ఫోన్ 2022లో వచ్చినప్పుడు దాని కేబుల్ ఊడేది కాదు, మరుసటి ఏడాది వచ్చిన ‘చూ 2’కు ఊడే కేబుల్ ఇచ్చారు. నా లెక్కలో అది స్వరంలో చిన్న మెరుగుదల కన్నా పెద్ద మార్పు, ఎందుకంటే తీగ తెగినా డ్రైవర్లు బతుకుతాయి. పెట్టెలో ఎన్ని సైజుల టిప్పులు ఇచ్చారో కూడా రాయి. నా కథ విన్నాక ఎందుకో చెప్పనక్కర్లేదు. బయటి చప్పుడును ఏ జత ఎంత ఆపుతోందో తప్పకుండా రాయి. రద్దీలో పాట వినిపించక జనం వాల్యూమ్ పెంచుతారు. బాగా మూసే జత ఆ అవసరాన్నే తీసేస్తుంది. నీ రాత చదివి కొనేవాళ్ళు నీ వయసు పిల్లలు, రోజుకు గంటల తరబడి వింటారు. రెండు జతల మధ్య నీకు ఎటూ తేలకపోతే తక్కువ వాల్యూమ్‌లో తృప్తినిచ్చేదాన్ని ముందు పెట్టు.

మొదటి జత పెట్టె విప్పకముందే, ఈ వారంలోనే వినికిడి పరీక్ష చేయించుకుని ఆడియోగ్రామ్ (ఆ పరీక్ష ఫలితపు గ్రాఫు) ఫోటో తీసి నాకు పంపు. రెండు చెవుల గీతలూ కావాలి. పన్నెండు జతలూ పూర్తయ్యాక ఆ వాల్యూమ్ అంకెల కాగితం కూడా పంపు. మీ అమ్మ చదివిన రికార్డింగ్ మాత్రం ముందుగానే పంపు, ఎడమ చెవితో వింటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ