సమాధానం: హాస్టల్ ప్రాజెక్టుకు చిన్న గ్రాంటు రావాలంటే

చెల్లీ, అమ్మాయిల హాస్టల్లో రక్తహీనత మీద అవగాహన సదస్సుకని పాతిక వేలు అడిగితే యూనివర్సిటీ కమిటీ తిప్పి పంపిందన్నావు. నువ్వు పెట్టిన బడ్జెట్ చూశాను. బ్యానర్లు, శాలువాలు, అతిథుల భోజనాలకే సగం పైగా పోతోంది. అమ్మాయిలకు ఏం మారుతుందో ఎక్కడా లేదు. అసలు లోపం అదే.

సదస్సు తీసెయ్. 60 మందికి ఇప్పుడొకసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి హిమోగ్లోబిన్ పరీక్ష అని రాయి. గర్భిణులు కాని ఆడవాళ్లలో డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తానికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి ఇది ఉంది. ఈ అంకె మొదటి పేరాలోనే ఉండాలి. పరీక్షలకు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడుగు, ఒప్పుకుంటే ఆ డబ్బు మిగులుతుంది. తక్కువ వచ్చినవాళ్లను డాక్టరుకు చూపించాలి, మాత్రలు మీరే పంచొద్దమ్మా. ఎవరి ఫలితం వాళ్లకే చెప్పండి.

మిగిలింది మెస్సులో పెట్టు: ఆకుకూర పప్పు, అందులోని ఇనుము ఒంటికి పట్టేలా పక్కన నిమ్మచెక్క. టీ ఆ ఇనుమును సరిగా పట్టనివ్వదు కాబట్టి, భోజనం కాగానే ఇవ్వకుండా గంట ఆగమని వార్డెన్‌ గారిని అడుగు, దానికి పైసా ఖర్చు లేదు. ఆవిడ సంతకంతో ఒప్పుకోలు ఉత్తరం తప్పకుండా జత చెయ్యి. మళ్లీ రాశాక ఇక్కడ పెట్టు, చూస్తాను.