రాజుకు ప్రమాణం చేసిన పాస్టరు తిరుగుబాటులోకి ఎలా వెళ్లాడు?

భక్తి ఉన్నవాడు పాలకుడి మీద తిరగబడొచ్చా, అమెరికా విప్లవం ముందు అక్కడి పాస్టర్లు ఏ పక్షాన ఉన్నారు అని అడిగారు. అందరూ ఒకే పక్షాన లేరండీ, ఒక ఇంట్లోవాళ్లే ఒక పక్షాన లేరు. మాది గుంటూరు వైపు నుంచి మద్రాసు వచ్చిన లూథరన్ కుటుంబం, నేను పెరిగింది పెరంబూరులో. అందుకని నాకు దగ్గరగా అనిపించే ఒక కుటుంబం గురించి చెప్పి, తర్వాత మా ఇంటి సంగతి చెప్తాను.

హెన్రీ మెల్కియర్ మూలెన్‌బర్గ్ అనే జర్మన్ పాస్టరు 1742లో పెన్సిల్వేనియా వెళ్లాడు. ఆయన్ని పంపింది జర్మనీలోని హాలె పట్టణం మిషన్ పెద్దలు. 1720లలో మద్రాసు వచ్చి, తెలుగు నేర్చుకుని బైబిల్‌ను తెలుగు చేసిన బెంజమిన్ షుల్జ్ కూడా ఆ హాలె నుంచి వచ్చినవాడే. మూలెన్‌బర్గ్ 1748లో కూడగట్టిన పాస్టర్ల సంఘమే పంపగా, సరిగ్గా ఆయన అమెరికాలో అడుగుపెట్టిన వందేళ్లకు, 1842లో, మిషనరీ హేయర్ గారు గుంటూరు చేరారు. మా తాతముత్తాతలకు అక్షరాలు వచ్చింది ఆ దారినే, కాబట్టి ఆ ఇల్లు నాకు పరాయి ఇల్లులా ఉండదు.

మూలెన్‌బర్గ్ పుట్టింది జర్మన్ ప్రాంతమైన హానోవర్‌లో. అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జే హానోవర్‌కూ ప్రభువు. అంటే అమెరికాలో పుట్టినవాళ్ల కంటే ఈయనకు రాజుతో బంధం ఒక ముడి ఎక్కువ. పై అధికారులకు లోబడి ఉండాలని బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన మాటను ఆయన ఏళ్ల తరబడి బోధించినవాడు కూడా. ఆయన పెద్దకొడుకు పీటర్ వర్జీనియాలో పాస్టరు. అక్కడ ఇంగ్లండు చర్చిదే అధికారం కనుక 1772లో లండన్ వెళ్లి ఆ చర్చి చేతుల మీదుగా అభిషేకం తీసుకున్నాడు, అలా తీసుకునేవాళ్లు రాజుకు విధేయులమని ప్రమాణం చెయ్యాలి. ఆ మనిషే నాలుగేళ్లకు, 1776 మొదట్లో, రాజు సైన్యం మీదకి ఒక రెజిమెంటుకు కర్నల్‌గా వెళ్లాడు. పల్పిట్ మీద అంగీ తీసేసి లోపలి సైనిక దుస్తులు చూపించాడని ఒక కథ ఉంది, చాలామంది అదే చెప్తారు. కానీ అది పుస్తకంలోకి ఎక్కింది 70 ఏళ్లు దాటాక, కాబట్టి నేను దాని మీద ఏమీ కట్టను. నాకు అసలైనది అన్నదమ్ముల ఉత్తరాలు. తమ్ముడు ఫ్రెడరిక్ న్యూయార్క్‌లో పాస్టరు, బోధకుడికి సంబంధం లేని పనిలో దూరావని అన్నను కోప్పడ్డాడు. నేను పాస్టర్నే కానీ ఈ సమాజంలో మనిషిని కూడా, నా స్వేచ్ఛ నాకూ అంతే ప్రియం అన్న అర్థంలో అన్న జవాబు రాశాడు. ఆ ఏడాదే ఇంగ్లీషు సైన్యం వస్తోందని ఫ్రెడరిక్ న్యూయార్క్ విడిచిపెట్టాల్సి వచ్చింది. తర్వాత పాస్టరు పని మానేసి రాజకీయాల్లోకి వెళ్లి, 1789లో అమెరికా ప్రతినిధుల సభకు మొదటి స్పీకరయ్యాడు.

మరి తండ్రి? ఆయన ఎటూ గట్టిగా చెప్పలేదు. 1777లో స్వాతంత్ర్యం కోసం పోరాడే దళమే ఆయన చర్చిలో దిగి, బలిపీఠం మీద తిండి పెట్టుకుని, కొందరు ఆర్గన్ వాయిస్తుంటే మిగతావాళ్లు పాడుతుంటే ఆ ముసలాయన చూసి డైరీలో రాసుకున్నాడు. కొడుకు అదే పక్షాన జనరల్. ఆయన్ని పిరికివాడనేవాళ్లతో నేను ఒప్పుకోలేను. దేవుడి పేరుతో ఇచ్చిన మాటను విడవడం కొందరికి ప్రాణం పోయినంత పని.

ఇది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. మా తాతయ్య తెనాలి దగ్గర మిషన్ బడిలో టీచరు. అప్పట్లో అమెరికన్ మిషన్లు ఇక్కడ పని చెయ్యాలంటే బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని రాసివ్వాలి. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు కదా, ఇప్పుడు రణరంగ చౌక్ అంటున్నది అదే చోటు. ఆ గుంపులో మా చిన్నతాత ఉన్నాడు. రాత్రి మోకాలు చీరుకుపోయి ఇంటికొస్తే తాతయ్య తలుపు తీశాడు, కట్టు కట్టాడు, ఒక్క మాట మాట్లాడలేదట. తర్వాత బడి పైవాళ్లు నేను గానీ మా ఇంట్లోవాళ్లు గానీ ఉద్యమంలో లేమని తాతయ్యను సంతకం పెట్టమన్నారు. తన గురించి ఉన్న వాక్యం వరకు ఉంచి, ఇంటివాళ్ల గురించి ఉన్న వాక్యాన్ని సిరాతో కొట్టేసి సంతకం పెట్టాడు. దానికి ఆ సంవత్సరం జీతం పెరగలేదు. చిన్నతాతకు మాత్రం ఆ కాగితం మీద సంతకం పెట్టడమే తప్పు, సగం కొట్టేస్తే ఏంటి అని. ఎనిమిదేళ్లు అన్నదమ్ములు కలిసి భోజనం చెయ్యలేదని నాయనమ్మ చెప్పేది.

నేను చూసేసరికి ఇద్దరూ మద్రాసులో ఉన్నారు, ఆదివారం తెలుగు ఆరాధనలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. పాలకుల కోసం ప్రార్థన వచ్చినప్పుడు తాతయ్య గట్టిగా ఆమెన్ అనేవాడు, చిన్నతాత కళ్లు తెరిచి ఎదురుగా గోడను చూసేవాడు. రాజు పోయి పాతికేళ్లయినా అంతే. చిన్నప్పుడు నాకది మొండితనంలా కనబడేది.

ఎమర్జెన్సీలో, 1976 జనవరి 31న, ఇక్కడి కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేశారు. మర్నాడు ఆదివారం. నాకు పదమూడేళ్లు, ఇంట్లో పెద్దవాళ్లంతా టెన్షన్‌గా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆరాధనలో పాలకుల ప్రార్థన వచ్చింది. చిన్నతాత ఎప్పటిలాగే గోడ చూస్తున్నాడు. నేను తాతయ్య ఆమెన్ కోసం చూశాను, ఆయన పెదవులు కదల్లేదు. ప్రార్థన అయిపోయాక చిన్నతాత పాటల పుస్తకం తెరిచి, పేజీ తీసి అన్న చేతిలో పెట్టాడు.