అహింస ఈ రోజుల్లో పనికొస్తుందా?

"ఎదుటివాడు లాఠీ పట్టుకుంటే అహింస ఏం చేస్తుంది?" అని చాలామంది అడుగుతారు. అహింస అంటే దెబ్బలు తిని ఊరుకోవడం అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. నిజానికి అది సహకారం ఆపేయడం. ఏ అధికారమైనా నడిచేది జనం పన్ను కట్టి, మాట వింటేనే కదా.

చీరాల-పేరాల సంగతే చూడండి. రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేసి, పన్నులు పెంచారు. 1921లో జనం రాయి విసరలేదు, ఊరే ఖాళీ చేశారు! మున్సిపాలిటీ హద్దు దాటి, రామ్‌నగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ముందు నిలిచింది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివిన మనిషి, జైలుకూ వెళ్లాడు. నైతిక నాయకత్వం అంటే నా లెక్కలో ఇదే: జనాన్ని పడమన్న కష్టం ముందు తాను పడటం.

ఆ ఉద్యమం గెలిచిందా అంటే, లేదు. ఆయన అరెస్టయ్యాక, డబ్బుల ఇబ్బంది కూడా తోడై జనం మెల్లగా ఇళ్లకు తిరిగొచ్చారు. అహింసకు ఓపికే కాదు, నాయకుడు లేకపోయినా నడిచే ఏర్పాటూ, తిండిగింజలూ కావాలి. ఇప్పటి ఉద్యమాలు ఎక్కువగా తడబడేదీ అక్కడే.