బయానా ఇచ్చేముందు గుంతలు తీయించు

చిరంజీవి మా అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు కళ్యాణదుర్గం దగ్గర ఆరెకరాల మెట్ట కొని చీనీ (బత్తాయి) తోట పెడతానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో భూమి అమ్మినవాళ్లే గానీ కొంటానన్నవాళ్లు ఈ మధ్య లేరు. ఆ మాట వినగానే గుండె నిండిపోయింది. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన వీడియో చూశాను. ఎర్రటి నేల, సాళ్లు కమ్ముకున్న సెనక్కాయ (వేరుశెనగ), "నేల భలే ఉంది పెదనాన్నా" అని నీ గొంతు. అది సెప్టెంబరులో తీసిందమ్మా. మన అనంతపురం జిల్లాలో వాన బాగా పడే నెలే అది. ఏడాది మొత్తానికి పడేదే 550 మి.మీ. చుట్టుపక్కల. ఆ నెలలో బండ మీద జానెడు మట్టి ఉన్నా పచ్చగానే కనిపిస్తుంది. చదువుకున్నదానివి, పైరు చూసి నేలకు మార్కులు వేస్తావా? ఏప్రిల్‌లో ఒకసారి వెళ్లి చూసి ఉండాల్సింది.

పాస్‌బుక్, ఈసీ, హద్దులు, బండి దారి మీ నాన్న చూసుకుంటాడు. అంటు మొక్కలు నమ్మకమైన నర్సరీలోనే తెచ్చుకో. నేను రాసేదంతా మట్టి కింద ఉన్న రాయి గురించే.

మన ఎర్ర నేల గ్రానైటు, నైసు (gneiss, చారల రాయి) రాళ్లు అరిగి పుట్టింది. ఆ రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. అందులోని ఫెల్డ్‌స్పార్ చివికి బంకమట్టి అయింది. పలుగురాయి అరగక ఇసుకగా మిగిలింది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపునిచ్చింది. ఇసుకా బంకా కలిసిన గరప నేల ఇలా తయారైంది. కానీ రాయి అన్నిచోట్లా ఒకేలా అరగదు. పగుళ్లున్నచోట నీళ్లు దిగి లోతుగా చివుకుతుంది. గట్టి బండ ఉన్నచోట పైపైనే ఆగిపోతుంది. పైగా మిట్ట మీది మట్టి వానకు కొట్టుకొచ్చి పల్లంలో చేరుతుంది. అందుకే ఒకే చేలో ఈ గట్టు దగ్గర నాలుగడుగుల మట్టి ఉంటే, ఆ గట్టు దగ్గర అడుగున్నరే ఉంటుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకే ఎరుపు.

మీ తాత చీనీ తోట కరువుకి పోయిందని నీకు చెప్పి ఉంటారు. కరువు వచ్చిన మాట నిజమే. అయితే అదే కరువులో వంక పక్క చెట్లు బతికాయి, మిట్ట మీదివి పోయాయి. ఆ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు.

తోట పెట్టేముందు మీ తాత ఒక్కటే గుంత తీయించాడు. వేపచెట్టు నీడ ఉంది, కూలీలకు చల్లగా ఉంటుందని వంక పక్క మూలలో తవ్వించాడు. మనిషి లోతు దాకా మట్టే. ఐదెకరాలూ అలాగే ఉంటుందనుకున్నాడు. అప్పు తెచ్చి చీనీ నాటాడు. మొదటి మూడు నాలుగేళ్లు తోట చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. చిన్న మొక్కకు కావాల్సిన మట్టి ఎంతని? చెట్లు పెరిగి కాపుకొచ్చే వేళకు మిట్టనున్న వరసల్లో ఆకు పండుబారింది. కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. మీ తాత తెగులనుకుని మందులు కొట్టించాడు. తర్వాత నీళ్లు చాలడంలేదనుకుని బోరు వేయించాడు. పడలేదు. ఇంకోటి వేయిస్తే మూన్నెల్లు పోసి ఆగిపోయింది. మీ నానమ్మ మెళ్లో గొలుసు మొదటి బోరుకే పోయింది. బోరుబండి చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

చెట్లు కొట్టేశాక మొద్దులు పెకలిస్తుంటే నేనూ ఉన్నాను. అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు. మిట్ట మీది మొద్దు కింద తల్లివేరు అడుగున్నర దాకా నిలువుగా దిగి, అక్కడ మోచేయిలా మడత పడి పక్కకు పోయింది. మడత పడ్డ చోట వేరు అడుగు భాగం చదునుగా, నున్నగా ఉంది. దాని కింద గడ్డపార వేస్తే ఠంగుమంది. పరుపు బండ. బండకు ఆనుకుని వేలు మందాన మట్టి నల్లబడి ఉంది, చేతిలోకి తీసుకుంటే కుళ్లు వాసన. వానలప్పుడు నీళ్లు బండ మీద నిలిచి వేళ్లు కుళ్లాయి. మిగిలిన వేళ్లకు ఎండల్లో తాగడానికి చుక్క లేకపోయింది. మీ తాత "ఇంకో నాలుగు గుంతలు తీసుంటే" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను సాయిల్ సర్వే ఉద్యోగంలో చేరి ఊరూరా గుంతలు తీయించినన్నాళ్లూ, ప్రతి గుంత దగ్గరా ఆయన మాట చెవిలో పడుతూనే ఉండేది.

ఒక లెక్క చెబుతాను, ఎక్కడైనా రాసి పెట్టుకో. ఎర్ర గరప అడుగు మందానికి చెట్టుకు అందేలా దాచుకునే నీరు సుమారు 30 మి.మీ. అడుగున్నరకు 45. ఎండాకాలంలో కాపు తోట రోజుకు 5, 6 మి.మీ. తాగుతుందనుకుంటే వారం దాటేసరికి ఖాళీ. నాలుగడుగుల మట్టి ఉంటే మూడు వారాలు ఓర్చుకుంటుంది. డ్రిప్పు పెడతాగా అంటావు. పెట్టు. కానీ మోటారు కాలినా, ట్రాన్స్‌ఫార్మర్ పోయినా, బోరు తగ్గినా నీకు దొరికే గడువు ఆ వారమే.

కాబట్టి ఆరెకరాలకు కనీసం ఎనిమిది గుంతలు తీయించు. జేసీబీకి ఒక పూట పని. మిట్ట మీద, నడి వాలులో, పల్లంలో తవ్వించు. పైరు గిడసబారిన చోట మాత్రం వదలొద్దు. నాలుగడుగుల లోతు, లేదా రాయి తగిలేదాకా. అమ్మేవాడు చూపించిన చోటొక్కటే తవ్వి సరిపెట్టుకోకు. సాయంత్రానికల్లా పూడ్పించెయ్యి, మేకలు పడతాయి.

గుంత గోడను కత్తితో గీకి చూడు. పైన జానెడు మట్టి వదులుగా, కాస్త గోధుమ రంగులో ఉంటుంది. కింద ఎరుపు ముదురుతుంది. అక్కడి పెళ్ల విరిచి ఎండలో పెడితే పలుచటి బంక పూత మెరుస్తుంది. పై బంక వాన నీళ్లతో దిగి అక్కడ చేరిందన్నమాట. అలా బంక చేరిన పొర ఉండే మన ఎర్ర నేలల్ని ఆల్ఫిసాల్స్ అంటారు. పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్షేత్రంలోని ఎర్ర నేలా ఆ వర్గమే. ఆ పొర లేకుండా గుట్టల కింద గరుసు మీద పలుచగా పరుచుకున్న మట్టి చాలాచోట్ల ఎంటిసాల్స్ అనే ఇంకో వర్గంలోకి పోతుంది.

సర్వే రిపోర్టు చేతికొస్తే హాప్లుస్టాల్ఫ్స్, రోడుస్టాల్ఫ్స్ లాంటి పేర్లు చూసి కంగారుపడకు. మన దేశంలోనూ అమెరికా వ్యవసాయ శాఖ వర్గీకరణే వాడతారు, అందులో మొత్తం 12 వర్గాలు. రోడుస్టాల్ఫ్స్ పేరులో ముందున్న ముక్కకు ముదురు ఎరుపు అని అర్థం, అంతే. రంగు చెట్టుకు నీళ్లివ్వదు. నువ్వు వెతకాల్సిన మాట లిథిక్. ఆ మాట ఉంటే 50 సెం.మీ. లోపే గట్టి బండ ఉన్నట్టు. అక్కడ చీనీ పెట్టనే వద్దు. పారాలిథిక్ అని ఉంటే కింద ఉన్నది చివికిన మెత్త రాయి. గడ్డపారకు లొంగుతుంది, పగుళ్లలోకి వేళ్లు కొంత దిగుతాయి, నీళ్లూ దిగుతాయి. రెండింటినీ ఒక్కటే అనుకోవద్దు. చీనీకి మీటరు లోతు ఉన్నచోటే ధైర్యం చెయ్యి. 75 నుంచి 100 సెం.మీ. మధ్య ఉంటే నాతో మాట్లాడాకే.

చేలో సగం లోతు తక్కువగా తేలిందని దిగులు పడకు. అక్కడ సెనక్కాయలో కంది సాళ్లు వేసుకో. చెట్టే కావాలంటే సీతాఫలం గరుసు నేలనూ ఓర్చుకుంటుంది. బండ పేలిస్తే మట్టి వస్తుందని ఎవరైనా అంటే వినొద్దు. ఈ నేల వాన పడి ఆరితే పైన పెచ్చు కడుతుంది, ఆ తర్వాతి వాన లోపలికి దిగక పారిపోతుంది. పదును చూసుకుని గుంటక తోలించి ఆ పెచ్చు పగలగొడితే చాలు. సేద్యం వాలుకు అడ్డంగానే చేయించు.

ఇంకొకటి, సుద్ద. గుంత అడుగున తెల్లటి మచ్చలు, గడ్డలు కనిపిస్తే సున్నం ఉందని అర్థం. సున్నం ఎక్కువైతే చీనీకి ఇనుము అందక లేత ఆకు పాలిపోతుంది. పలచటి ఆమ్లం చుక్క వేస్తే నురగ వస్తుంది. ఆ సీసా, రంగులు పోల్చే పుస్తకం నా దగ్గర ఇంకా ఉన్నాయి.

గుంతలు తీయించే రోజు రెండ్రోజులు ముందుగా చెప్పు, పొద్దున బస్సుకే వస్తాను. మోకాళ్ల నొప్పులు, గుంతలోకి దిగనివ్వొద్దని మీ పెద్దమ్మ నీకు ఫోన్ చేస్తుంది. చిన్న నిచ్చెన ఒకటి తెప్పించు, దిగుతాను. అప్పటిదాకా బయానా కింద రూపాయి ఇవ్వకు. అమ్మేవాడు తొందరపెడితే వేరే చేను చూద్దాం, నేనూ తిరుగుతాను.

మీ పెదనాన్న