బరంపురం శివారులో పెద్ద ఇల్లు కొనేముందు పెరడు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రైల్వేలో రిటైరయ్యారు, సొంతూరు వరంగల్ వైపు, మీ ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం. ఒడిశాలోని బరంపురం శివారులో నాలుగు పడకగదుల పాత డాబా ఇల్లు అమ్మకానికి వచ్చింది. స్థలం రెండున్నర గుంఠలు అన్నారు. "రెండున్నర గుంటల్లో అంత ఇల్లు, నుయ్యి, కొబ్బరి చెట్లు ఎలా పట్టాయి? బ్రోకరు మాట నమ్మొచ్చా? ఒడియా రాని ఇద్దరం పెద్దవాళ్లం అక్కడ ఉండగలమా?" అని అడిగారు. నుయ్యి పూడ్చేసి కారు షెడ్డు వేసుకోమని బ్రోకరు సలహా ఇచ్చాడని కూడా రాశారు. ఆ మాట దగ్గరికి చివర్లో వస్తాను.

మాది సోంపేట. 2011లో బరంపురంలో, గోపాలపురం వెళ్లే దారి వైపు ఇలాంటి ఇల్లే కొన్నాం. ఇప్పటికీ అందులోనే ఉంటున్నాం.

ముందు కొలత సంగతి తేల్చేస్తాను. మీ వైపు ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 121 గజాలు. ఆ లెక్కన మీకు 302 గజాలే వచ్చాయి, అందుకే అనుమానం. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలే. ఒక్కో గుంఠకి నాలుగు డిసిమిళ్లు. డిసిమిల్ అంటే మా శ్రీకాకుళం వాళ్ల సెంటే, 48.4 గజాలు. అంటే మీ రెండున్నర గుంఠలు పది సెంట్లు, 484 గజాలు. అందులో ఇల్లూ పడుతుంది, నుయ్యీ పడుతుంది. ఈ ఒక్క విషయంలో బ్రోకరు నిజమే చెప్పాడు.

మేం దెబ్బ తినబోయింది పెరడు దగ్గర. మాది మొత్తం 12 డిసిమిళ్లు. ముందు ఎనిమిదింట్లో ఇల్లు, వెనక నాలుగింట్లో పెరడు. మధ్యలో గోడ లేదు, గట్టు లేదు. ఏడు కొబ్బరి చెట్లు, ఒక పనస, కరివేపాకు, నుయ్యి. ఎవరు చూసినా ఒకే ఇంటి స్థలం అనుకుంటారు. "పన్నెండూ ఇంటి స్థలమేనమ్మా, కళ్లు మూసుకుని కొనండి" అన్నాడు బ్రోకరు. బయానా ఇచ్చేశాం. తర్వాత లోను కోసం వెళ్తే బ్యాంకు లాయరు పట్టా రెండో పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించాడు. రెండు ప్లాటు నంబర్లున్నాయి. ఒకదాని ఎదురుగా కిసమ్, అంటే భూమి రకం గడిలో "ఘరబారి" అని ఉంది. రెండోదాని ఎదురుగా "శారద" అని ఉంది. ఘరబారి అంటే ఇంటి స్థలం. శారద అంటే వరి పండే పొలం. మా నుయ్యి, మా కొబ్బరి చెట్లు అన్నీ కాగితం మీద వరిపొలంలో ఉన్నాయి!

అమ్మిన ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఒడియా ఆయన. ఆయనకే ఈ సంగతి తెలియదు. "ఆ చెట్లు మా నాన్న పెట్టాడమ్మా, అది పొలమంటే నేనెలా నమ్మేది" అని వరండాలో చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు. ఒడిశా భూసంస్కరణల చట్టంలో 8-ఎ అని ఒక సెక్షను ఉంది. దాని కింద తహసీల్దారుకి అర్జీ పెట్టి, రుసుము కట్టి, సాగు భూమిని ఇంటి స్థలంగా మార్పించుకోవాలి. మాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆయన గొడుగేసుకుని తహసీలుకి నాతోపాటు వచ్చాడు. బ్రోకరు మాత్రం మళ్లీ ఫోను ఎత్తలేదు. ఇంటి కాగితాలు సరిగ్గా ఉండి పెరడు కాగితాలు తప్పిన ఇళ్లు మా వీధిలోనే ఇంకో రెండు ఉన్నాయని తర్వాత తెలిసింది. శివారు కాలనీలన్నీ ఒకప్పటి పొలాలే కదా. ఇల్లు కట్టినంత మేర మార్పించుకుని, వెనక ముక్క అలా వదిలేసినవాళ్లు బోలెడుమంది.

అందుకని బయానా ఇవ్వకముందే ఈ పని చేయండి. ఒడిశా ప్రభుత్వం వారి భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో గంజాం జిల్లా, తహసీలు, ఊరి పేరు పెట్టి, ఖాతా నంబరుతోగానీ ప్లాటు నంబరుతోగానీ పట్టా తెరవండి. శివారు ఊళ్లు కొన్ని బ్రహ్మపుర్ (బరంపురానికి ఒడియా పేరు) తహసీలు కిందికి, కొన్ని కొణిసి కిందికి వస్తాయి, ఏది అన్నది ముందే అడిగి పెట్టుకోండి. మొదటి పేజీలో రైతు పేరు, తండ్రి పేరు, కులం ఉంటాయి. రెండో పేజీలో ప్లాట్లు, కిసమ్, విస్తీర్ణం ఉంటాయి. అంతా ఒడియాలోనే. మీ ఆవిడ తరఫు చుట్టాల్లో ఒడియా చదవగలిగినవాళ్లు తప్పకుండా ఉంటారు, ఇచ్ఛాపురంలో ఆ లిపి వచ్చినవాళ్లకి కొదవ లేదు. ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు పేజీలూ అక్షరం అక్షరం చదివించుకోండి.

కులం గడి ఎందుకంటే, అమ్మేవారు ఎస్సీగానీ ఎస్టీగానీ అయ్యి, కొనేవారు ఆ వర్గంవారు కాకపోతే, అదే భూసంస్కరణల చట్టం 22వ సెక్షను ప్రకారం ముందుగా అధికారి అనుమతి ఉండాలి. అది లేని రిజిస్ట్రేషను చెల్లదు. దళితుల, గిరిజనుల భూములకి రక్షణగా వచ్చిన నియమం, దాన్ని పక్కదారి పట్టించే ఉపాయాలు ఎవరైనా చెబితే ఆ గడప దిగి వచ్చేయండి. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లాంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూముల బదిలీ మీద 1956 నాటి రెగ్యులేషను ఇంకా కట్టుదిట్టం. మీరు చూస్తున్నది బరంపురం కాబట్టి అంతవరకూ వెళ్లను.

ఇంకొకటి. పట్టా మీద ఉన్న పెద్దాయన పోయి ఉంటే, కొడుకులతోపాటు కూతుళ్లందరి సంతకాలూ కావాలి. రిజిస్ట్రేషను మీ ఆవిడ పేరున చేయిస్తే స్టాంపు డ్యూటీ 4 శాతం, మీ పేరున అయితే 5, దాని మీద రిజిస్ట్రేషను ఫీజు 2 శాతం. ఆ తర్వాత మ్యుటేషను, అంటే పట్టా మీ పేరుకి మార్పించుకోవడం, మర్చిపోకండి. దస్తావేజు చేతికొచ్చింది కదా అని పట్టా మార్పించుకోకుండా కూర్చున్నవాళ్లని చూశాను.

ఇక ఇల్లు చూసే పద్ధతి. వానాకాలంలో వెళ్లండి, వీలైతే గట్టి వాన కురిసిన మర్నాడు. వీధి మీంచి వరండాకి ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. మా ఇంటికి కట్టినప్పుడు ఐదు మెట్లట. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పోసుకుంటూ పోతే ఇప్పుడు రెండే మిగిలాయి. మా ఎదురింటికి ఒక్కటీ మిగల్లేదు, వానొస్తే వాళ్లు గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చుకుంటారు. మీరు చూసే ఇంటికి ఎన్ని మెట్లు భూమిలోకి దిగిపోయాయో పక్కింటి ముసలావిడని అడగండి, బ్రోకరుని కాదు.

తుఫాను సంగతి దాచను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. సరిగ్గా దసరా రోజులు. గాలి రెండువందల కిలోమీటర్ల పైమాటే. మా ఏడు కొబ్బరి చెట్లలో నాలుగు పోయాయి, పనస వేళ్లతో సహా లేచి ప్రహరీ మీద పడింది. ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. పాత డాబా, మందం గోడలు, కిటికీలకి టేకు తలుపులు. ఇప్పటివాళ్లు పెద్దపెద్ద అద్దాలు పెడుతున్నారు. మీరు చూసే ఇంటికి చెక్క తలుపులే ఉంటే దయచేసి వాటిని మార్చకండి. మరుసటేడు సరిగ్గా అక్టోబరు 12నే హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. అందుకే మా వీధిలో దసరాకి బట్టలు కొనేముందే చెట్ల కొమ్మలు కొట్టిస్తారు, మేడమీద ట్యాంకులకి తాళ్లు కడతారు.

ఫైలిన్ తర్వాత మా వీధికి పదహారు రోజులు కరెంటు లేదు. అందరి ఇళ్లలోనూ బోరు బావులు, మోటార్లు. స్విచ్చి వేస్తే నీళ్లొచ్చే ఇల్లు ఒక్కటి లేదు. గిలకా, చేదా ఉన్న నుయ్యి మా పెరట్లోనే ఉంది. రెండోరోజు పొద్దున్నే ఎదురింటి మాఉసి (ఒడియాలో పిన్ని) బిందె పట్టుకుని మొహమాటంగా గేటు దగ్గర నిలబడింది. సాయంత్రానికి వీధి వీధంతా మా పెరట్లో ఉంది. పడిపోయిన పనసని మగపిల్లలు రంపంతో కోసి దారి చేశారు. ఒక చివర తెలుగు, ఒక చివర ఒడియా, మధ్యలో చేద. అంతకుముందు రెండేళ్లు "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనే పరిచయమే. ఆ పదహారు రోజుల్లో ఎవరింట్లో ఎవరికి షుగరో, ఎవరి కొడుకు సూరత్ మిల్లులో ఉన్నాడో, ఎవరి ఫోను మోగక ఎవరు ఏడుస్తున్నారో అన్నీ తెలిశాయి. నా ఒడియా ఆ నూతిగట్టు మీదే వచ్చింది.

భాష గురించి మీరు భయపడుతున్నారు. ఈ ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వి.వి. గిరి గారు పుట్టింది ఇక్కడే. బరంపురం పట్టు నేసే కుటుంబాలు చాలావాటిలో ఇంట్లో మాట తెలుగే. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాతరలో బుఢీ ఠాకురాణీ అమ్మవారు పుట్టింటికని వచ్చేది ఆ నేతవాళ్ల పెద్ద దేశిబెహరా వీధికే. అమ్మవారికి పుట్టిల్లయిన వీధిలో తెలుగు వినపడుతుంటే మీకు పరాయితనం ఏముంటుంది? బజారులో కూరగాయలమ్మి నా తెలుగుకి తెలుగులోనే జవాబు చెబుతుంది, కాకపోతే మధ్యలో నాలుగు ఒడియా మాటలు దొర్లుతాయి. శివారు కాలనీల్లో తెలుగు కొంత తక్కువే, ఆ మాట నిజం. పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లిషు చదువుకుంటారు, తెలుగు చదవడం, రాయడం ఇంట్లో మనం నేర్పితేనే. ఆ బాధ నాకుంది. నా మనవరాలు నాతో తెలుగు గలగలా మాట్లాడుతుంది, నేను రాసిన ఉత్తరం చదవలేదు. మీరు ఇద్దరే కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

మా వీధి ఎలాంటిదో చెప్పమంటే మార్గశిరంలో ఒక లక్ష్మివారం నాడు రమ్మంటాను. మనం మార్గశిర లక్ష్మివారం నోము పడతాం కదా, వాళ్లూ తమ మార్గశిరంలో గురువారాలు లక్ష్మిపూజ చేస్తారు, మాణబసా అంటారు. తెల్లవారుజామున మాఉసి నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పిండితో గుమ్మం నుంచి లోపలికి అమ్మవారి పాదాలు, వరికంకులు వేస్తుంది, దాన్ని ఝోటి అంటారు. నేను నా గేటు ముందు పొడిపిండితో చుక్కల ముగ్గు పెడతాను. వీధి మరీ ఇరుకు. నా ముగ్గు చివరి చుక్కా, ఆవిడ వేసిన వరికంకి కొసా దారి మధ్యలో ఆనుకుంటాయి. స్కూటర్లవాళ్లు దాన్ని తొక్కకుండా పక్కనుంచి జాగ్రత్తగా వెళ్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెద్ద జబ్బొస్తే ఊళ్లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. హౌరా–చెన్నై మెయిన్ లైను మీది స్టేషను కాబట్టి అటు భువనేశ్వరం, ఇటు విశాఖ రెండూ రైలు దారే, రైల్వే మనిషి మీకు నేను చెప్పాలా. ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు, మీ ఆవిడ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. నాలుగు గదులు ఇద్దరికి ఎక్కువే. మేం రెండు తాళం వేసి ఉంచుతాం, సంక్రాంతికి, ఠాకురాణీ జాతరకి తీస్తాం. ఊడ్చుకోవడం కష్టమే, మేడమెట్లు ఎక్కడం ఇంకా కష్టం. కింది గదిలో పడక, దానికి ఆనుకుని బాత్రూము ఉంటేనే ముందుకెళ్లండి, లేకపోతే ఎంత మంచి ఇల్లయినా మన వయసుకి వద్దు.

ఇక నుయ్యి. దయచేసి పూడ్చకండి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మూత తీయించి లోపలికి చూడండి, ఒక చెంబుడు తోడించి నోట్లో పోసుకోండి. సముద్రం దగ్గర కాబట్టి ఉప్పదనం ఉందేమో నాలుక్కే తెలియాలి. గిలక తుప్పు పట్టి ఉంటే కొత్తది కొనుక్కోవచ్చు. కారు షెడ్డు ఇంటి ముందు, ప్రహరీ లోపల వేసుకోండి. పట్టా రెండో పేజీ తీశాక కిసమ్ గడిలో ఏం రాసి ఉందో ఇక్కడే కింద రాయండి, ప్లాటు నంబరు పెట్టకండి. నేను చూసి చెబుతాను.