కాన్ఫిగర్ స్క్రిప్టును డ్యాష్‌తో నడిపి చూడు: శిష్యుడికి ఒక లేఖ

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నువ్వు కర్నూలు నుంచి పంపిన లాగ్ ఆసాంతం చదివాను. నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా తయారైన లైబ్రరీ ఫిర్యాదు చేసిన ఆ వినియోగదారు దగ్గర టీఎల్‌ఎస్ (నెట్‌లో డేటాను గుప్తీకరించే పద్ధతి) లేకుండా తయారైందంటే తప్పు అతని యంత్రానిది కాదు. లాగ్ సగం దాటాక ఒక వరుస ఉంది, చూడు: "టెస్ట్: ఎక్స్‌యెస్: అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్". ఆ మాట అనేసి కాన్ఫిగర్, అంటే బిల్డుకు ముందు యంత్రంలో ఏమేం ఉన్నాయో చూసే స్క్రిప్టు, ఆగకుండా ముందుకు పోయింది. షరతు తప్పినట్టు లెక్కగట్టి టీఎల్‌ఎస్‌ను పక్కన పెట్టేసింది. ఆగిపోయే స్క్రిప్టు మనకు మేలే చేస్తుంది. ఇలా సణిగి సాగిపోయేదే కొంప ముంచుతుంది.

షరతును పరీక్షించే టెస్ట్ ఆదేశంలో, రెండూ సమానమా అని చూడ్డానికి నువ్వు == రాశావు. ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాములను షెల్‌లంటారు కదా, వాటిలో బ్యాష్ దాన్ని ఒప్పుకుంటుంది, డ్యాష్‌కు = ఒక్కటే తెలుసు. డ్యాష్ ఎక్కడో మూలనున్న షెల్ అనుకోవద్దు. ఉబుంటు లినక్స్ 2006లో, 6.10 విడుదలతోనే, వేగం కోసం ఎస్‌హెచ్ (స్క్రిప్టులు నడిపే మామూలు షెల్) స్థానాన్ని దానికి అప్పగించింది. 2011లో వచ్చిన డెబియన్ 6 కూడా అదే దారి పట్టింది.

మరి నా ఉబుంటులో ఎందుకు పనిచేసిందని అడుగుతావు. ఆటోకాన్ఫ్ అనే పనిముట్టు తయారుచేసే కాన్ఫిగర్ తనకు కావలసిన సౌకర్యాలున్న షెల్ కోసం వెతుక్కుంటుంది. అందులో వరుస సంఖ్య చెప్పే చలరాశి ఒకటి. కొన్ని డ్యాష్ కూర్పుల్లో అది ఉండదు. అప్పుడు కాన్ఫిగర్ నీకు మాటమాత్రం చెప్పకుండా బ్యాష్‌లోకి మారిపోతుంది. నీ దగ్గర అదే జరిగి ఉంటుంది. కేసీ కాలువ కింద పండించిన విత్తనాన్ని కళ్యాణదుర్గం మెట్టలో చల్లి చూడకుండానే మేలురకమని చెప్పినట్టుంది. ఆల్పైన్ లినక్స్‌లో నడిచిందన్నావే, అదీ సాక్ష్యం కాదు. అక్కడి బిజీబాక్స్ షెల్ == ను చూసీచూడనట్టు వదిలేస్తుంది.

అంతకంటే చెడ్డది నీ స్క్రిప్టులో ఇంకొకటి కనిపించింది. ఒక పనిముట్టు ఉందో లేదో తెలుసుకోవడానికి "విచ్" పిలిచి, దాని అవుట్‌పుట్‌ను &> తో డెవ్‌నల్ (ఏది వేసినా మాయమయ్యే ఫైలు) లోకి తోశావు. బ్యాష్‌కు అది ఒకే గుర్తు. డ్యాష్ దాన్ని రెండుగా విడదీస్తుంది: & దగ్గర ఆదేశాన్ని వెనకకు నెట్టేస్తుంది, మిగిలిన > తో డెవ్‌నల్‌ను తెరుస్తుంది. తెరవడం ఎప్పుడూ సఫలమే కదా! కాబట్టి ఆ పనిముట్టు ఉన్నా లేకున్నా "ఉంది" అన్న జవాబే వస్తుంది. దాని బదులు "కమాండ్ -వి" వాడు, దారి మళ్లింపును >/డెవ్/నల్ 2>&1 అని విడమరిచి రాయి.

ఫ్లాగులకు += తో తోక తగిలించావు. డ్యాష్ ఆ మొత్తాన్నీ ఒక ఆదేశం పేరనుకుని, దొరకలేదని చెప్పి ముందుకు పోతుంది. భద్రత కోసం నువ్వు చేర్చిన ఫ్లాగ్ గాలికి పోతుంది. పాత విలువను కోట్స్‌లో పెట్టి కొత్తది పక్కన రాస్తే చాలు. ఎకో -ఇ బదులు ప్రింట్‌ఎఫ్, సోర్స్ బదులు ఒక్క చుక్క. టెస్ట్ లోపల 'మరియు', 'లేదా' కోసం -ఎ, -ఓ పెట్టకు. షెల్‌లు ఎలా ప్రవర్తించాలో చెప్పే 2024 పోసిక్స్ ప్రమాణం వాటిని తీసేసింది. రెండు టెస్ట్‌లు రాసి మధ్యలో -ఓకు బదులు ||, -ఎకు బదులు && పెట్టు. [[ జోలికి అసలే పోవద్దు. చదరపు బ్రాకెట్లు ఎం4కు (ఆటోకాన్ఫ్ వాడే మాక్రో ప్రాసెసర్) కోట్స్ కాబట్టి అది ఒక పొరను మింగేస్తుంది.

దిద్దుబాట్లు కాన్ఫిగర్ డాట్ ఏసీలో, అంటే ఆటోకాన్ఫ్ చదివే మూల ఫైలులో, చెయ్యి. తయారై వచ్చిన కాన్ఫిగర్‌ను చేత్తో దిద్దితే రేపు దాన్ని మళ్లీ తయారుచేసే ఆటోరీకాన్ఫ్ నడిపిన క్షణంలో అంతా పోతుంది. ఎం4 సంచయంలో బయటినుంచి తెచ్చుకున్న మాక్రోలు ఉంటే మార్పును వాటి మూలకర్తలకు కూడా పంపు. "బ్యాష్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని వినియోగదారుకు జవాబు రాయబోయావని తెలిసింది. అది పద్ధతి కాదు. నీ సొంత స్క్రిప్టయితే మొదటి వరుసలోనే బ్యాష్ అని రాసుకో, ఎవరూ కాదనరు. కాన్ఫిగర్‌ను మాత్రం ఊరూ పేరూ తెలియనివాళ్లు నడుపుతారు.

షెల్‌చెక్, చెక్‌బ్యాషిజమ్స్ అనే తనిఖీ పనిముట్లు ఇలాంటి తప్పులు కొన్నింటిని పట్టిస్తాయి. నాకు ఎక్కువ గురి కుదిరింది మాత్రం ఈ పద్ధతి మీద: రెండు ఖాళీ డైరెక్టరీలు తెరువు. ఒకదానిలో కాన్ఫిగ్_షెల్ చలరాశికి బ్యాష్ దారి, రెండోదానిలో డ్యాష్ దారి ఇచ్చి కాన్ఫిగర్‌ను నడుపు. ఆ చలరాశి ఉంటే కాన్ఫిగర్ వేరే షెల్ వెతుక్కోదు. తర్వాత కాన్ఫిగర్ రాసిపెట్టిన రెండు కాన్ఫిగ్ డాట్ హెచ్ ఫైళ్లకూ డిఫ్ (తేడాలు చూపే ఆదేశం) కొట్టు. ఏమీ రాకూడదు.

ఇన్నాళ్లూ మూసుకుపోయిన షరతులు ఇప్పుడు తెరుచుకుంటాయి కాబట్టి వినియోగదారుల వైపు కొత్త ఫిర్యాదులు రావచ్చు. టీఎల్‌ఎస్ హెడర్లు లేనివాడికి ఈసారి నిజంగానే బిల్డ్ ఆగుతుంది. విడుదల గమనికలో ఆ సంగతి ముందే రాసిపెట్టు. డిఫ్‌లో ఏదైనా మిగిలితే రెండు లాగ్‌లూ కలిపి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పాత ల్యాబ్ మాస్టారు